పై అంతస్తుకు తాళం ఎందుకు వేశామంటే

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి మా పుస్తకాల షాపుకు వచ్చేవాళ్లు వారం రోజులుగా అడుగుతున్నది ఒక్కటే. "పైన తాళమేశారేంది?" స్లాబు కురుస్తోందండీ. అది ఈ ఏడు మొదలైంది కూడా కాదు.

పోయిన జూన్‌లో బడులు తెరిచిన వారంలోనే వానలు పట్టుకున్నాయి. పైన గోడవార ర్యాకులో పెట్టిన రికార్డు బుక్కుల అంచులు చెమ్మగిల్లాయి. కట్టలు విప్పి చూసుకోకుండా కొన్ని అమ్మేశాం. ఒక సైన్సు టీచరమ్మ పుస్తకం వెనక్కి తెచ్చి, నా ముందే ఇంకు పెన్నుతో గీత గీసి చూపించారు. దూది మీద చుక్క పడ్డట్టు సిరా పాకిపోయింది. సిగ్గేసింది. అలాంటివి మీ దగ్గర ఇంకా ఉంటే తీసుకురండి, బిల్లు అడగకుండా మార్చి ఇస్తాం.

మూడేళ్ల కిందట ఈ స్లాబు మీద తారు షీటు వేయించింది నేనే. ఏపీపీ మెంబ్రేన్ అంటారు, గ్యాసు మంటతో కాలుస్తూ అతికిస్తారు. సరుకులో లోపం లేదు. వానలు ఇంకా పూర్తిగా వెనకబడనే లేదు, స్లాబులో తడి అట్లనే ఉంది, అయినా దసరా గిరాకీ లోపు అయిపోవాలని తొందరపెట్టాను. మే ఎండలకు లోపలి తడి ఆవిరై షీటు అప్పడంలా పొంగింది. పొంగిన చోటల్లా కాలు పడి చిట్లింది.

ఈసారి ముగ్గురిని పిలిచాను. ఇద్దరు కింద కుర్చీలో కూర్చునే అడుగుకింత అని రేటు చెప్పారు. మూడో ఆయన పాత మేస్త్రీ. మెట్లెక్కి, ఓ చుట్టు తిరిగి, "సేటూ, కోటింగు సంగతి తర్వాత. ముందు నీళ్లు ఎటు పోతున్నయో సూద్దాం" అన్నాడు. రెండు డ్రమ్ముల నీళ్లు పోయించాడు. నీళ్లు నిలిచిన చోటల్లా మా షాపు సుద్దముక్కతోనే గీతలు గీయించాడు. ఇంత ఏప్రిల్ ఎండలో కూడా రెండో రోజు సాయంత్రానికి, వాననీళ్లు కిందికి దిగే డౌన్ పైపుకు ఆరడుగుల అవతల చాపంత మడుగు అలాగే ఉంది. వాన ఆగాక 48 గంటలైనా నీళ్లు నిలిచి ఉంటే వాటం, అంటే నీళ్లు జారే వాలు, తప్పినట్టే. తర్వాత పిట్టగోడ పక్కనున్న ఇనుప ఫ్రేము కాళ్ల దగ్గర నీలిమందు కలిపిన నీళ్లు పోశాడు. గంటన్నరకు రికార్డు బుక్కుల ర్యాకు మీద నీలం చుక్క రాలింది. ఆ ఫ్రేము మా షాపు బోర్డుది. పండుగ ఆఫర్ల ఫ్లెక్సీ బాగా కనపడాలని స్లాబుకు డ్రిల్లు కొట్టించింది కూడా నేనే.

ఇక ఏది వేయించాలన్న దగ్గర చాలా ఊగాను. ఇటుక ముక్కలు పరిచి పైన గచ్చు చేసే కోబా మన దగ్గర పాత పద్ధతి, ఎండనూ ఆపుతుంది. కానీ నాలుగున్నర ఇంచుల మందం పోస్తే అడుగుకు ఇరవై కిలోల దాకా పడుతుంది. మా 1,200 చదరపు అడుగులకు అది 24 టన్నులు. పాత స్లాబు మీద అంత బరువు పెట్టే ధైర్యం నాకు లేదు. రేకుల షెడ్డు మీద నిజంగా మనసు పడ్డాను, నీడ కూడా వస్తుంది కదా అని. కానీ ఆ స్తంభాలు నిలబెట్టాలంటే మళ్లీ స్లాబుకే రంధ్రాలు! పైగా మన వేసవి ఈదురుగాలులు తెలిసినవే. అక్రిలిక్ పెయింటు చవక, కాకపోతే నీళ్లు నిలిస్తే మెత్తబడి ఊడుతుంది. సిమెంటు కోటింగు బిర్రుగా ఉంటుంది. పగలు సాగి రాత్రి ముడుచుకునే స్లాబు మీద అది వెంట్రుకవాసి పగుళ్లు ఇస్తుంది.

చివరికి పీయూ కోటింగుకు, అంటే పాలీయూరిథేన్ అనే రబ్బరులా సాగే పూతకు, ఒప్పుకున్నాను. ముందు పాత షీటు మొత్తం పీకేయాలి, ఫ్రేము తీసి రంధ్రాలు పూడ్చాలి. పది అడుగులకు ఇంచుంబావు చొప్పున కొత్త వాటం పోసి, రెండో డౌన్ పైపు పెడుతున్నాం. పిట్టగోడ కలిసే మూలను గుండ్రంగా తిప్పి, కోటింగును గోడ మీదికి జానెడు ఎక్కిస్తారు. మామూలు పీయూ ఎండకు పొడి రాలుతుందట, అందుకే పైన ఎండను తట్టుకునే తెల్ల కోటు. 2023 నాటి రాష్ట్ర కూల్ రూఫ్ పాలసీ కొత్త కమర్షియల్ బిల్డింగులకు ఇలాంటి చల్లటి కప్పు తప్పనిసరి అంటోంది. మాది పాతదే అనుకోండి, మే నెలలో పైన నిలబడి పుస్తకాలు వెతికిన మీకే తెలుసు ఎందుకు వేయిస్తున్నానో. దుమ్ము పడితే తెలుపు పనిచేయదు కాబట్టి అప్పుడప్పుడు కడిగించాలి. వారంటీ కాగితం ఈసారి చివరిదాకా చదివాను. నీళ్లు నిలిస్తే వర్తించదట.

వాటం పోశాక ఆరడానికే మూడు నాలుగు వారాలు కావాలి. తొందరపెట్టనని మేస్త్రీకి మాటిచ్చాను. మే నెలాఖరు దాకా పైకి దారి లేదు. పాఠ్యపుస్తకాలన్నీ కిందికే దించాం, ఇరుకుగా ఉంది, సర్దుకోండి. లిస్టు వాట్సాప్‌లో పెడితే మర్నాటికి కట్ట కట్టి ఉంచుతాం. పొద్దున పదింటి లోపు పైన సుత్తి చప్పుడు ఉంటుంది. ఫ్లెక్సీ కనపడట్లేదని షాపు ఎత్తేశామనుకుని వెనక్కి పోకండి, కింద షట్టర్ తెరిచే ఉంటుంది.