నా కోపాన్ని ఓర్చుకున్న ఆ ఇద్దరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. రక్త క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న మా అమ్మ 38 రోజుల తర్వాత నిన్న ఆసుపత్రి నుంచి చెన్నై పెరంబూరులోని మా ఇంటికి వచ్చింది. డబ్బుతోను, ధైర్యం చెప్పిన మాటతోను, రోజూ పంపిన క్యారియర్ భోజనంతోను ఆదుకున్న బంధుమిత్రులకు ఫోను చేసి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఈ మాటలు మాత్రం, నేను నోరు పారేసుకున్నా తిరిగి నన్ను ఒక్క మాట అనని ఇద్దరి కోసం రాస్తున్నాను. తమ పేర్లు రాయవద్దని వారు కోరారు.

కీమోథెరపీ మందులు క్యాన్సర్ కణాలతో పాటు ఎముక మజ్జలో రక్తం తయారయ్యే పనిని కూడా కొంతకాలం దెబ్బతీస్తాయి. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే, లక్షన్నరకు తగ్గకుండా ఉండవలసిన ప్లేట్‌లెట్లు అనే కణాలు ఆ శనివారం అమ్మకు 8 వేలకు పడిపోయి, చిగుళ్ల నుంచి రక్తం రావడం మొదలైంది. ఆ రాత్రికే ప్లేట్‌లెట్లు ఎక్కించాలని డాక్టరు గారు చెప్పారు. నేను ముందురోజే ఇచ్చి ఉన్నందున 48 గంటలు గడిస్తే తప్ప మళ్లీ ఇవ్వడానికి వీలు లేదు. కావలి నుంచి వచ్చిన మా చిన్నాన్న కొడుకును వెంటబెట్టుకుని బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తాను. అక్కడి టెక్నీషియన్ అతని చేతి మీది పచ్చబొట్టు చూసి, అది పొడిపించుకుని ఆరు నెలలే అయిందని తెలుసుకుని, ఏడాది నిండేవరకు తీసుకోకూడదని చెప్పారు.

మనిషి ప్రాణం కంటే మీకు రూల్సే ఎక్కువా, ఇంత పెద్ద బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లో ఒక్క సంచీ అయినా లేదా అని అందరి ముందు ఆమె మీద అరిచాను. ఆమెకు మా చెల్లెలి వయసు ఉంటుంది. "పరవాయిల్ల సార్, ఉక్కారుంగ" (ఫరవాలేదు సార్, కూర్చోండి) అని తమిళంలో అంటూ కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇచ్చి, మొదట అమ్మ పేరు అడిగారు. అమ్మ పేరు చెప్పేసరికి నా గొంతు పూడుకుపోయింది; ఇంతసేపూ కోపం అనుకున్నది భయమని నాకు అప్పుడు తెలిసింది, ఆమెకు మాత్రం అది ముందే తెలిసినట్టుంది. వచ్చీరాని తెలుగులో, ప్లేట్‌లెట్లను ఫ్రిజ్‌లో పెట్టరని, 22 డిగ్రీల దగ్గర ఎడతెగకుండా కదుపుతూ ఉంచినా 5 రోజులకు మించి నిలవవని, అందుకే ఎప్పటికప్పుడు దాతలను వెతకవలసి వస్తుందని వివరించారు. పచ్చబొట్టు సూది వల్ల కామెర్ల వైరస్ వంటిది సోకి ఉంటే కీమో జరుగుతున్న అమ్మ తట్టుకోలేదని, ఆ నియమం అమ్మ కోసమేనని చెప్పారు. ఆ తర్వాత తన రిజిస్టరు తీసి వరసగా ఫోన్లు చేశారు. నాలుగో వ్యక్తి ఒప్పుకున్నాడు.

తాంబరంలో చదువుకుంటున్న ఆ తమ్ముడు తొమ్మిదికి రావలసి ఉండగా పదింపావుకు వచ్చాడు. వాన వల్ల లోకల్ రైళ్లు నెమ్మదిగా నడిచాయట. అది అడగకుండానే గేటు దగ్గర అతని మీదా విరుచుకుపడ్డాను. తలనుంచి నీళ్లు కారుతూ నిలబడి, "సారీ అన్నా, అమ్మకు ఇప్పుడెలా ఉంది?" అన్నాడు. పరీక్షలు అయ్యాక రక్తం నుంచి ప్లేట్‌లెట్లను వేరుచేసే యంత్రం దగ్గర గంటన్నర పడుకున్నాడు. మధ్యలో పెదవులు తిమ్మిరెక్కితే క్యాల్షియం మాత్ర ఇచ్చారు. డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడం మన దేశంలో 1998 జనవరి 1 నుంచి నిషిద్ధమని నాకు తెలుసు కనుక, ఆటో చార్జీ అయినా తీసుకోమని బతిమాలాను. అదీ తీసుకోలేదు. ఆ రాత్రి మా ఇంట్లో నా భార్య పెట్టిన వేడి ఉప్మా తిని, తెల్లవారాక వెళ్లాడు.

మరునాడు క్షమాపణ చెప్పడానికి బ్లడ్ బ్యాంకుకు వెళ్లాను. కౌంటరు దగ్గర మరొకరు ఆమె మీద గొంతు పెంచి మాట్లాడుతున్నారు. ఆమె ఆయనకూ కుర్చీ చూపించి, రోగి పేరు అడుగుతున్నారు. నా వంతు వచ్చి నేను మాట మొదలుపెట్టేలోగానే, "అమ్మ కౌంట్ ఎంత సార్?" అన్నారు. 41 వేలని చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది.

చెల్లెమ్మా, తమ్ముడూ, మీ ఇద్దరికీ మా కుటుంబమంతటి నమస్కారాలు. మీకు తెలుగు చదవడం రాదు కనుక, రెండు వారాల తర్వాత పరీక్షలకు వచ్చినప్పుడు ఇది మీకు నేనే చదివి వినిపిస్తాను. అప్పుడు అమ్మ కూడా పక్కన ఉంటుంది.