రంగు వదిలిన ఎర్ర కాగితం, మారిన మా అలంకరణ కిట్

పిల్లల పుట్టినరోజుకు ఇంట్లోనే కాగితంతో అలంకరణ చేసుకోవడానికి మా కిట్లు తీసుకుంటున్న వారందరికీ నమస్కారం.

గత రెండు విడతల్లో మేము పంపిన కిట్లలో ఎరుపు, ముదురు గులాబీ టిష్యూ కాగితాలు తడి తగిలితే రంగు వదులుతున్నాయి. ఈ తప్పు నాది. ప్రతి విడత సరుకునూ తడి గుడ్డతో అద్ది చూసిన తర్వాతే కిట్లలో పెడతామని మీకు మాట ఇచ్చాను. ఏళ్ల తరబడి సరుకు ఇస్తున్న మనిషే కదా అన్న నమ్మకంతో ఈ రెండు విడతలకూ ఆ పరీక్ష చేయలేదు.

విషయం మా దృష్టికి తెచ్చింది మొదటి నుంచీ మా దగ్గర కొంటున్న ఒక తల్లి. ఆమె పాప చేతులు కడుక్కుని వచ్చి, గోడకు కట్టిన కాగితపు పూబంతిని ముట్టుకుని, ఆ చేతులను గౌనుకు తుడుచుకుందట. ఆమె పంపిన ఫొటోలో తెల్ల గౌను నడుము దగ్గర మూడు చిన్న వేళ్ల గుర్తులు ఎర్రగా కనిపించాయి. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. “కాగితం ఇదివరకటిలా లేదండీ, పొరలు విప్పుతుంటేనే చిరిగిపోయింది, ఒకసారి చూసుకోండి” అని మాత్రం రాశారు. తిట్టి ఉంటే నాకు ఇంత బాధ కలిగేది కాదు.

ఆ రోజే మిగిలిన కట్ట విప్పి తూకం వేశాను. మేము వాడేది 50 సెంటీమీటర్ల వెడల్పు, 70 సెంటీమీటర్ల పొడవు ఉన్న షీట్లు. చదరపు మీటరుకు 17 గ్రాముల కాగితమైతే 20 షీట్లు 119 గ్రాములు తూగాలి. మా త్రాసు 98 గ్రాములు చూపించింది, అంటే అది 14 గ్రాముల కాగితం. పూబంతికి ఎనిమిది షీట్లు ఒకదానిపై ఒకటి పేర్చి, నాలుగు సెంటీమీటర్ల విసనకర్ర మడతలు వేసి, నడుమ దారంతో బిగించి, రెండు కొసలనూ గుండ్రంగా కత్తిరించి, ఆపైన ఒక్కొక్క పొరను మధ్యకు లాగుతూ విప్పాలి. ఆ లాగడంలోనే పలచని కాగితం దారం దగ్గర తెగిపోతుంది. మీలో కొందరికి పూబంతి సగం విప్పేసరికే చిరిగిపోయి ఉంటే, అది మీ చేతి పొరపాటు కాదు, పిల్లల తొందర అంతకంటే కాదు.

సరుకు ఇచ్చిన వ్యాపారితో మాట్లాడాను. కాగితం మారిన మాట నిజమేనని, చెప్పాల్సినంత విషయం కాదనుకున్నానని ఆయన అన్నారు. అంతటితో ఆగి ఉంటే నేనూ ఊరుకునేవాణ్ణేమో. కానీ ఆయన, “పిల్లల పుట్టినరోజుకు ఒక్క పూట కట్టి తీసేసే కాగితానికి ఇంత పట్టింపు ఎందుకండీ” అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా మనసులో నుంచి పోవడం లేదు. ఒక్క పూట కట్టేదే కావచ్చు. కానీ ఆ పూట కోసం ఒక తండ్రి పని నుంచి వచ్చి రాత్రి పొద్దుపోయే దాకా కూర్చుని ముప్పై రింగులు అతికిస్తాడు, ఒక అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుంటూ మడతలు వేస్తుంది, పొద్దున్నే లేచిన పిల్ల ఆ గదిని చూసి గుమ్మంలోనే ఆగిపోతుంది. తక్కువ ఖర్చుతో చేసుకునేవారికి నాసిరకం సరుకు చాలుననుకునే మనిషి దగ్గర నేను ఇకపై ఒక్క షీటు కూడా కొనను. ఆయన తర్వాత ఫోన్ చేసి, పాత కాగితమే, అదీ తగ్గించిన ధరకే ఇస్తానన్నారు. వద్దన్నాను. ఈ విషయంలో నా మనసు మారదు.

ఆ తర్వాత ఏం చేయాలన్నదే నన్ను బాగా వేధించింది. రంగు వదలని టిష్యూ దొరుకుతుంది, కానీ దానితో కిట్ ధర దాదాపు రెట్టింపవుతుంది. తళతళలాడే ప్లాస్టిక్ తోరణాలు పెట్టమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. అవి చవకే, రంగూ పోదు. అయితే వాటిలో మీరు చేతితో చేసుకునేది ఏమీ ఉండదు, అలాంటివి అమ్మడానికి నేను ఈ పని మొదలుపెట్టలేదు. ఇక మిగిలిన దారి, టిష్యూ పూబంతిని పూర్తిగా తీసేసి మామూలు 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే) రంగు కాగితంతోనే కిట్ తయారుచేయడం. మా కిట్‌ను అందరూ గుర్తుపట్టేదే ఆ పూబంతితో. దాన్ని తీసేయాలంటే మనసు ఒప్పుకోలేదు. మూడు రాత్రులు ఇదే ఆలోచించి, చివరికి తీసేశాను. నేను ఎంచుకున్న ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ కాగితాలను తడి గుడ్డతో ఒక్కో నిమిషం అదిమి చూశాను, గుడ్డ తెల్లగానే ఉంది.

అలాంటి కాగితం మీ ఇంట్లోనే ఉండవచ్చు. కాబట్టి ఇన్నాళ్లూ కిట్‌లోని చీటీ మీద మాత్రమే అచ్చు వేసిన కొలతలను ఇక్కడే రాస్తున్నాను. ఈసారి మా దగ్గర కొనకుండా చేసుకున్నా నాకు సమ్మతమే, ఈ రెండు విడతల్లో నష్టపోయిన వారికి అంత మాత్రం నేను బాకీ ఉన్నాను.

గొలుసుకు ఏ4 కాగితాన్ని పొట్టి అంచుకు సమాంతరంగా 2.7 సెంటీమీటర్ల వెడల్పుతో కత్తిరిస్తే 21 సెంటీమీటర్ల పొడవున్న పట్టీలు 11 వస్తాయి. కొసలను ఒక సెంటీమీటరు మేర ఒకదానిపై ఒకటి ఉంచి అతికిస్తే రింగు అడ్డంగా ఆరు సెంటీమీటర్లకు కాస్త పైన ఉంటుంది. పది కాగితాలతో 110 రింగులు, అంటే ఆరు మీటర్లకు పైబడిన గొలుసు. పదేసి రింగుల ముక్కలుగా చేసుకుని చివర్లో కలపండి, చిక్కు పడదు, పిల్లలకు తలా ఒక ముక్క ఇవ్వవచ్చు. స్టేప్లర్ కంటే జిగురే మేలు, పిన్ను మొనలు చిన్న వేళ్లకు గుచ్చుకుంటాయి.

పూబంతి స్థానంలో ఇప్పుడు విసనకర్ర చక్రం ఉంటుంది. ఏ4 కాగితాన్ని నిలువుగా రెండుగా కోసి, ప్రతి ముక్కకూ ఈ కొస నుంచి ఆ కొస దాకా, పొట్టి అంచుకు సమాంతరంగా ఒకటిన్నర సెంటీమీటర్ల మడతలు అటూ ఇటూ వేయాలి. ఒక చక్రానికి మూడు ముక్కలు కావాలి. రెండే అతికిస్తే చుట్టు కలవదు, చాలామంది ఇక్కడే పొరబడి మడతలు సరిగా రాలేదనుకుంటారు. మూడూ అతికి గుండ్రంగా పరిచాక చక్రం గొడుగులా పైకి లేస్తుంది. అరచేత్తో అణిచి పట్టి, మధ్యలో ముందూ వెనుకా చిన్న గుండ్రటి అట్టముక్కలు అంటించి, జిగురు ఆరేదాకా మీద ఒక బరువైన పుస్తకం ఉంచండి. 21 సెంటీమీటర్ల చక్రం తయారవుతుంది. 80 జీఎస్ఎం కంటే మందమైన కాగితం వాడకండి, మడత దగ్గర పగిలి తెల్లగీత కనిపిస్తుంది. వీటిని ఎక్కడ కట్టినా మంటకూ వేడి బల్బుకూ దూరంగా ఉంచండి.

పాత కిట్ ఇంకా విప్పని వారు ఎరుపు, ముదురు గులాబీ షీట్లను పక్కన పెట్టండి, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు అందనివ్వకండి. ఆ రెండు విడతల్లో కొన్న ప్రతి ఒక్కరికీ కిట్ డబ్బు పూర్తిగా వెనక్కి ఇస్తాను లేదా కొత్త కిట్ పంపుతాను, ఏది కావాలో మీరే చెప్పండి. ఫొటోలు, రసీదులు అడగను. గౌను పాడైన ఆ తల్లికి గౌను ఖరీదు కూడా ఇస్తానన్నాను, ఆమె ఇంకా ఒప్పుకోలేదు, నేను అడుగుతూనే ఉన్నాను.

పూబంతిని మాత్రం నేను వదిలిపెట్టలేదు. మరో వ్యాపారి దగ్గర నుంచి 17 గ్రాముల ఎర్ర టిష్యూ నమూనా ఒకటి తెప్పించాను, ధర కూడా మనకు అందుబాటులోనే ఉంది. నిన్న సాయంత్రం అందులో ఒక ముక్క గాజు గ్లాసు నీళ్లలో వేసి కిటికీ దగ్గర పెట్టాను. ఈ ఉదయానికి నీళ్లు తేటగానే ఉన్నాయి. మూడో రోజు కూడా అలాగే ఉంటేనే ఆ కాగితానికి ఆర్డర్ ఇస్తాను.