యాకితోరి కొట్టులో ఒతోషి మోసం కాదు

సంపాదకుల వారికి,

మీ పర్యాటక పేజీలో జపాన్ తిండి మీద వచ్చిన వ్యాసం యాకితోరిని, అంటే పుల్లకు గుచ్చి బొగ్గు మీద కాల్చే కోడి ముక్కల్ని, ‘జపాన్ కబాబ్’ అని రెండు మాటల్లో తేల్చేసింది. అక్కడితో ఆగినా బాగుండేది. అడగని గిన్నె తెచ్చిపెట్టి డబ్బులు గుంజుతారు కాబట్టి దాన్ని వెనక్కి పంపేయమనీ, కావలసినవన్నీ ఒకేసారి చెప్పేయమనీ, ముక్కల్ని పుల్లల నుంచి ఊడదీసి పంచుకోమనీ సలహాలు కూడా ఇచ్చింది. ఈ మూడూ పాటిస్తే మాట పడాల్సి వస్తుంది, పైగా చల్లారిన కోడి తినాల్సి వస్తుంది. జపాన్ వచ్చే తెలుగువాళ్లు ఏటేటా పెరుగుతున్నారు కాబట్టి ఈ వివరాలు పంపుతున్నాం.

కూర్చోగానే వచ్చే చిన్న గిన్నె పేరు ఒతోషి. ఉడికించిన సోయా కాయలో, ముల్లంగి పచ్చడో, పచ్చి క్యాబేజీయో ఉంటుంది. మనిషికి సుమారు 300 నుంచి 500 యెన్‌లు పడుతుంది. అది కూర్చున్నందుకు తీసుకునే రుసుము. జపాన్‌లో టిప్పు ఇవ్వరన్న సంగతి గుర్తుపెట్టుకుంటే ఈ లెక్క అంత అన్యాయంగా అనిపించదు. వద్దంటే తీసేసే కొట్లు కొన్ని ఉన్నాయి, కానీ చాలాచోట్ల కుదరదు. అసలు వద్దనుకునేవాళ్లకు తోరికిజొకు లాంటి చైన్లు ఉన్నాయి. అక్కడ ఒతోషి లేదు, తిండికీ పానీయానికీ ఒకటే ధర, ప్లేటుకు రెండు పుల్లలు. మొదటిసారి వెళ్లేవాళ్లకు అదే తేలిక.

ఆర్డర్ సంగతికి వస్తే, ఇక్కడ నడిపించేది పొయ్యి. మంచి కొట్లలో వాడేది బించోతాన్ బొగ్గు. వాకయామా ప్రాంతపు కిషూ బొగ్గుకు పేరెక్కువ. ఉబామె అనే ఓక్ జాతి చెట్టు కర్రతో చేస్తారు. మంటా పొగా పెద్దగా లేకుండా గట్టిగా కాలుతుంది. వంటమనిషి విసనకర్రతో గాలి కొట్టి వేడిని పెంచుతాడు, పుల్లల్ని పక్కకు జరిపి తగ్గిస్తాడు. పొయ్యి సన్నగా పొడుగ్గా ఉంటుంది, దాని మీద పట్టే పుల్లలు కొన్నే. ఇరవై పుల్లలు ఒక్కసారే చెప్తే రెండు రకాల నష్టం. పక్కవాళ్ల పుల్లలు ఆగిపోతాయి, మీవి మాత్రం కుప్పగా వచ్చి పడతాయి. ముఖ్యంగా కవా, అంటే కోడి తోలు, ఐదు నిమిషాలు పళ్లెంలో ఉందంటే కరకర పోయి కొవ్వు గడ్డకట్టి రబ్బరులా సాగుతుంది. అందుకని ముందు పానీయం చెప్పాలి (మద్యం అక్కర్లేదు, ఊలాంగ్ టీ చాలు), దాంతో పాటు మనిషికి రెండు మూడు పుల్లలు. అవి అయ్యాక మళ్లీ. త్సుకునె అనే కీమా ఉండలూ, తెబసాకి అనే రెక్కలూ కాలడానికి ఎక్కువసేపు పడుతుంది కనుక వాటిని మొదటి విడతలోనే చెప్పి ఉంచుకోవచ్చు. కొన్నిచోట్ల ఏ రకమైనా రెండు పుల్లలు తీసుకుంటేనే ఇస్తారు. మెనూలో రెండు పుల్లల ధర రాసి ఉందో, ఒక్కదానిదో చూసుకోవాలి.

ఊడదీసి పంచుకోవడం నేరమేమీ కాదు. ఆఫీసు బృందాలతో వచ్చే జపాన్‌వాళ్లలోనూ అలా తినేవాళ్లున్నారు. కాకపోతే కొట్టువాళ్లకు ఎందుకు కష్టంగా ఉంటుందో తెలుసుకోవాలి. పుల్ల కొసన ఉండే ముక్క కావాలనే పెద్దగా కోస్తారు, ఉప్పు కూడా దాని మీద కాస్త ఎక్కువ పడేట్టు చల్లుతారు. మొదటి కొరుకుడు అదే కదా. చేతి వైపు పోనుపోను ముక్క చిన్నదవుతుంది. కండ పీచుకు అడ్డంగా పుల్ల గుచ్చుతారు, లేకపోతే కాలేటప్పుడు ముక్క తిరిగిపోతుంది. గుచ్చడం నేర్వడానికి మూడేళ్లు, కాల్చడానికి జన్మంతా అని వాళ్లలో నానుడి. ఇంత చేసిన పుల్లను గిన్నెలోకి దులిపేస్తే రసం కారిపోతుంది, వేడీ పోతుంది. పట్టుకుని అడ్డంగా లాగి తినడమే పద్ధతి. అడుగున ముక్కలు అందకపోతే చాప్‌స్టిక్‌లతో పైకి జరుపుకోవచ్చు. ఖాళీ పుల్లలు వేయడానికి బల్ల మీద నిలువు డబ్బా ఉంటుంది.

ఏం తినాలి? మనవాళ్లు ‘మొమొ’ అనే తొడ ముక్క, మధ్యమధ్య ఉల్లికాడ గుచ్చిన ‘నెగిమా’ దాటి పోరు. అది పొరపాటు. కందనకాయ వేపుడు ఇష్టంగా తినేవాళ్లు ‘సునగిమొ’ తినకుండా రావడమేమిటి? గుండెకాయ ‘హాత్సు’, లివర్ ‘రెబా’, మెడ కండ ‘సెసెరి’, తోక దగ్గరి కొవ్వు ముక్క ‘బొంజిరి’, లేత ఎముక ‘నన్‌కొత్సు’. ప్రతిదానికీ ఉప్పా (షియో), సాసా (తారె) అని అడుగుతారు. కందనకాయ, మెడ, లేత ఎముకకు ఉప్పు నప్పుతుంది. లివర్, త్సుకునెలకు తారె. తేలకపోతే ‘ఒమకసె’ అంటే చాలు, వాళ్లే చూసుకుంటారు. ఉప్పువి ముందు, తారెవి తర్వాత తింటే నాలుక మొద్దుబారదు. కారం కావాలంటే బల్ల మీదున్న షిచిమి పొడి చల్లుకోవచ్చు, కాస్త ఘాటే. మెనూలో ‘జిదోరి’ అని ఉంటే అది మన నాటుకోడి లాంటిదే: దేశవాళీ రక్తం సగమైనా ఉండి, కనీసం 75 రోజులు పెంచితేనే జపాన్ ప్రభుత్వ ప్రమాణం ప్రకారం ఆ పేరు. అకితా హినాయ్, నగోయా కొచ్చిన్ పేరున్న రకాలు. కండ గట్టిగా ఉంటుంది, ధరా ఎక్కువే.

మీ వ్యాసం అసలు ముట్టని విషయాలు మూడున్నాయి.

యాకితోరి అని బోర్డు ఉన్నంత మాత్రాన లోపల అంతా కోడే ఉండదు. ఫుకువోకాలో ‘బుతాబరా’ అనే పంది కడుపు ముక్క మామూలు సరుకు. హొక్కైదోలోని మురొరాన్‌లో యాకితోరి అంటేనే పందిమాంసం, ఉల్లిపాయ, పైన ఆవపిండి ముద్ద. సైతామా జిల్లా హిగాషి మత్సుయామాలోనూ అంతే, పంది తల కండకు కారపు మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) పూస్తారు. ‘యాకితోన్’ అని ఉంటే పంది. ‘గ్యూ’తో మొదలైతే గొడ్డుమాంసం. ఆస్పరాగస్‌కూ, చిన్న టమాటాలకూ బేకన్ చుట్టడం చాలా కొట్లలో ఆనవాయితీ. తారెలో సోయా సాస్, చక్కెరతో పాటు సాకె, మిరిన్ ఉంటాయి, అవి రెండూ మద్యాలే. మతరీత్యా మద్యం కూడదనుకునేవాళ్లు ఉప్పే అడగాలి, అప్పుడు కూడా మాంసాన్ని సాకెతో తడిపారేమో కనుక్కోవాలి.

శాకాహారులకు ఇది చోటు కాదు. షిషితో మిరపకాయలు, షీతాకె పుట్టగొడుగులు, గింకో గింజలు దొరుకుతాయి గానీ కాల్చేది కోడి కొవ్వు కారిన కమ్మీల మీదే. తారె కుండలోనూ కోడి పుల్లలే మునుగుతాయి, దాన్ని ఖాళీ చేయరు, పైన పోసుకుంటూ పోతారు. టోఫు మీద చేప తురుము చల్లుతారు. బృందంలో పట్టింపు ఉన్నవాళ్లుంటే మొహమాటపెట్టి తీసుకెళ్లొద్దు.

ఇక పచ్చిమాంసం. పైపైన వేడి చూపించిన ‘తోరివాసా’, సాషిమి అనే పచ్చి కోడి ముక్కలు కొన్నిచోట్ల గొప్పగా వడ్డిస్తారు. తాజాది కాబట్టి పర్లేదన్న మాట నమ్మొద్దు. కాంపిలోబాక్టర్ అనే సూక్ష్మజీవి తాజా కోడిలోనూ ఉంటుంది. లోపల 75 డిగ్రీల వేడి ఒక నిమిషం తగలాలని జపాన్ ఆరోగ్య శాఖే చెబుతోంది. జ్వరం, విరేచనాలు మామూలుగా రెండు నుంచి ఐదు రోజుల తర్వాత వస్తాయి, అంటే విమానం ఎక్కే వేళకు. లివర్ మధ్యలో ఎర్రగా మెరిస్తే ‘మోత్తో యాయితె కుదసాయ్’ అనండి, ఇంకాస్త కాల్చమని. నొచ్చుకోరు.

బిల్లు ఇలా ఉంటుంది. ఇద్దరికి 200 యెన్‌ల పుల్లలు పది, 2,000. ఒతోషి 400 చొప్పున 800. పానీయాలు రెండు, 1,000. మొత్తం 3,800. వినియోగ పన్ను 10 శాతం అందులో కలిసి లేకపోతే 4,180. చిన్న కొట్లలో కార్డు తీసుకోకపోవచ్చు, నగదు ఉంచుకోవాలి. పది సీట్ల కొట్టుకు ఎనిమిది మంది కట్టగట్టుకు పోకూడదు, ముగ్గురు దాటితే ముందే ఫోన్ చేయాలి. వీధిలో చేయిపట్టి పిలిచేవాళ్ల వెంట, ముఖ్యంగా టోక్యో షింజుకులోని కబుకిచోలో, అసలే వెళ్లొద్దు. మీరు రాసిన గుంజుడు నిజంగా ఎక్కువగా జరిగేది అలాంటి చోట్ల.

పిల్లలతో వెళ్లేవాళ్లు పొగతాగడం గురించి తలుపు మీద ఉండే స్టిక్కర్ చూడాలి. 2020 ఏప్రిల్ నుంచి హోటళ్లలో పొగతాగడం నిషేధం. పాత చిన్న కొట్లకు మినహాయింపు ఉన్నా, పొగ అనుమతించే చోటికి 20 ఏళ్లలోపువాళ్లు, చంటిపిల్లలతో సహా, రాకూడదు.

మీ వ్యాసానికి సవరణ వేయదలిస్తే ఒతోషి మాట, పచ్చికోడి మాట ముందు వేయగలరు.

— టోక్యోలో ఉంటున్న కొందరు తెలుగువాళ్లు