ఆసుపత్రికి మిగిలింది, ఇంట్లో ఎవరికి పోయింది?

ఎడిటర్ గారికి నమస్కారం.

బడ్జెట్ వచ్చిన మర్నాడు పరిశ్రమలకి ఏం దక్కింది, షేర్ మార్కెట్ ఏమంది, పన్ను కట్టేవాళ్లకి ఎంత మిగిలింది అని పేజీలకి పేజీలు రాస్తారు. ఆ నిర్ణయాల వల్ల ఆడవాళ్ల నెత్తిన పడే పని పెరిగిందా తగ్గిందా అన్నది మాత్రం ఎక్కడా ఉండదు, మహిళా పథకాలకి ఎంత ఇచ్చారో ఓ మూల బాక్స్ కట్టి వదిలేస్తారు.

ఖర్చు తగ్గించాలని ఆసుపత్రుల నుంచి రోగుల్ని రెండు రోజులు ముందే పంపించేశారనుకోండి, లెక్కల్లో అది ఆదా. కానీ ఆ మనిషికి వేళకి మందులు ఎవరివ్వాలి, కట్టు ఎవరు మార్చాలి, రాత్రి మూలిగితే ఎవరు లేవాలి? చాలా ఇళ్లలో భార్యో, కూతురో, కోడలో. అందుకోసం ఆమె సెలవు పెడుతుంది, జీతం పోగొట్టుకుంటుంది, ఒక్కోసారి ఉద్యోగమే మానేస్తుంది. నర్సు చేస్తే జీడీపీలో చేరే పని కూతురు చేస్తే చేరదు కాబట్టి ఈ నష్టం ఏ కాగితం మీదా కనపడదు. జీతం లేని ఇలాంటి సంరక్షణ పనిలో నాలుగింట మూడొంతులకి పైగా ఆడవాళ్లే చేస్తున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్కగట్టింది. అంత పని కళ్లెదుట జరుగుతుంటే దాన్ని వదిలేసి వేసే అంచనాని ఆర్థిక విశ్లేషణ అని ఎలా ఒప్పుకుంటాం?

పన్నుల్లోనూ ఇదే తంతు. భార్యాభర్తల ఆదాయం కలిపి పన్ను వేస్తే, తక్కువ సంపాదించే మనిషి, అంటే ఎక్కువగా భార్య, తెచ్చే జీతం రెండోవాళ్ల జీతం పైన చేరుతుంది కాబట్టి దాని మీద మొదటి రూపాయి నుంచే పెద్ద రేటు పడుతుంది, ఇక ఈ మాత్రం దానికి ఉద్యోగం దేనికని ఇంట్లోవాళ్లే అంటారు. స్వీడన్ 1971లోనే ఎవరి ఆదాయానికి వాళ్లకి విడిగా పన్ను వేయడం మొదలుపెట్టింది. జర్మనీలో భార్యాభర్తలకి 1958లో వచ్చిన ఉమ్మడి లెక్క ఇంకా నడుస్తోంది.

బడ్జెట్ ఆడవాళ్ల మీద ఎలా పడుతుందో, మగవాళ్ల మీద ఎలా పడుతుందో విడిగా చూసే జెండర్ బడ్జెట్ ఉంది కదా అంటారు. ఉంది, ఆస్ట్రేలియా 1984లోనే మొదలుపెట్టింది, ఆస్ట్రియా ఏకంగా రాజ్యాంగంలో రాసుకుంది. కానీ చాలాచోట్ల నిర్ణయాలన్నీ అయిపోయాక దాన్ని చివర్లో అతికిస్తున్నారు. కోత పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడే ఆ లెక్క బల్ల మీద ఉండాలి, కుటుంబం మొత్తానికి ఒకే ఆదాయం రాసుకోకుండా మనిషి మనిషికీ విడిగా డబ్బూ సమయమూ నమోదు చేయాలి.

ఈసారి విశ్లేషణ కోసం ఆర్థికవేత్తలతో మాట్లాడినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: ఈ కోతతో ఖజానాకి మిగిలే డబ్బుకి బదులు ఎవరి గంటలు ఖర్చవుతాయి? వాళ్ల దగ్గర లెక్క లేకపోతే, లేదనే అచ్చు వేయండి.

– ఒక పాఠకురాలు