ఎరిక్ రావిలియస్ గురించి ఒక పేజీ వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం. ఆదివారం పేజీల్లో పెయింటర్లంటే పికాసో, వాన్ గోహ్ తప్ప వేరే పేరే కనపడట్లేదండి, ఒకసారి ఇంగ్లిష్ పెయింటర్ ఎరిక్ రావిలియస్ గురించి వేయండి, అదీ కలర్‌లోనే వేయండి, లేకపోతే ఆ వాటర్ కలర్స్ అందం సగం పోతుంది. 1903లో లండన్‌లో పుట్టి ఈస్ట్‌బోర్న్‌లో పెరిగాడు, ఆ చుట్టుపక్కల సస్సెక్స్ సుద్ద కొండలంటే ప్రాణం. రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో పాల్ నాష్ అనే పెయింటర్ దగ్గర చదివాడు. రంగు దట్టంగా పులమడు, దాదాపు ఆరిపోయిన బ్రష్‌తో సన్న గీతలు గీస్తూ మధ్యమధ్యలో తెల్ల కాగితాన్ని అలాగే వదిలేస్తాడు, బొమ్మలో వెలుతురంతా అక్కణ్ణుంచే వస్తుంది. 1940 నాటి ట్రైన్ లాండ్‌స్కేప్ చూడండి, ఖాళీ థర్డ్ క్లాస్ పెట్టె, తలుపు మీద 3 అంకె, కిటికీకి తోలు పట్టీ, బయట కొండవాలులో చెక్కిన పెద్ద తెల్ల గుర్రం బొమ్మ. మనిషి లేడు, కానీ ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు ఉంటుంది, నాకైతే ఆయన బొమ్మలన్నిట్లో ఇదే ఇష్టం.

క్రికెట్ అభిమానులకి ఇంకో సంగతి, ఇంగ్లండ్‌లో ఏటా వచ్చే క్రికెట్ పుస్తకం విజ్డెన్ అట్ట మీద పొడుగు టోపీల ఆటగాళ్ల బొమ్మ 1938లో మొదలైంది, అది చెక్క మీద చెక్కింది ఈయనే.

రెండో ప్రపంచ యుద్ధంలో వార్ ఆర్టిస్ట్‌గా, అంటే యుద్ధ దృశ్యాలు గీయడానికి, ఐస్‌లాండ్ వెళ్లాడు, 1942 సెప్టెంబర్‌లో తప్పిపోయిన విమానాన్ని వెతకడానికి బయల్దేరిన విమానంలో తనూ ఎక్కాడు, అదీ తిరిగి రాలేదు. 39 ఏళ్లేనండి! ఆయన భార్య టిర్జా గార్వుడ్ కూడా చాలా మంచి ఆర్టిస్ట్, ఆమె బొమ్మలు కూడా తప్పకుండా వేయండి.

- ఒక పాఠకుడు