చివరి మెట్టు ముందు చెక్కు

ఒరేయ్ రఘూ,

నీ షార్ట్ ఫిల్మ్ కథ చదివాను. మనిషి మెల్లమెల్లగా ఇంకోటిగా మారిపోవడమే నీ కథ కాబట్టి, కెమెరా పట్టే ముందు 1986 నాటి 'ది ఫ్లై' ఒకటికి రెండుసార్లు చూడు. డేవిడ్ క్రోనెన్‌బర్గ్ టొరంటోలో తీశాడు, నిడివి గంటన్నర పైన కాస్త. మన 'ఈగ'లో నాని చచ్చిపోయి నేరుగా ఈగగా పుట్టేస్తాడు కదా. ఇక్కడ సేత్ బ్రండల్ అనే సైంటిస్టు (జెఫ్ గోల్డ్‌బ్లమ్) రోజుకి కాస్త, రోజుకి కాస్తగా ఈగలా మారిపోతాడు.

ఇదే కథని 1958లో ఒకసారి తీశారు. అందులో మనిషిని ఒకచోట మాయం చేసి ఇంకోచోట తేల్చే యంత్రంలోంచి బయటికి రాగానే సైంటిస్టు తల, ఒక చెయ్యి ఈగవి అయిపోయి ఉంటాయి. తల మీద గుడ్డ కప్పుకుని తిరుగుతాడు. ఇక చూపించడానికి మిగిలేది ఆ గుడ్డ లాగే క్షణం ఒక్కటే. క్రోనెన్‌బర్గ్ అక్కడే దారి మార్చాడు. పాడ్‌లో (ఆ యంత్రపు గదిలో) మనిషితో పాటు ఈగ కూడా ఉండేసరికి, రెండు ప్రాణులున్నాయని అయోమయపడ్డ కంప్యూటర్ ఆ ఇద్దర్నీ జన్యువుల దగ్గరే కలిపేస్తుంది. బయటికొచ్చినవాడు బంగారంలా ఉంటాడు. పైగా బలం, హుషారు, కాఫీలో చెంచాల కొద్దీ పంచదార! మార్పు లాభంలా మొదలవుతుంది చూడు, నీ కథలో లేనిది అదే. నీ హీరోకి మొదటి రోజే దద్దుర్లు వచ్చేశాయి.

మేకప్ చేసింది క్రిస్ వేలస్, స్టెఫాన్ డుప్వీ. దానికి ఆస్కార్ వచ్చింది. వేలస్ బృందం ముందు చివరి రూపాన్ని తయారు చేసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి నడిచి మధ్య దశలు పెట్టుకుంది. నువ్వూ అలాగే చెయ్యి. ముందు నుంచి మొదలుపెడితే మూడో దశకే చేతిలో ఉన్నదంతా ఖర్చయిపోతుంది, తర్వాత పెంచడానికి చోటుండదు. వాళ్లు మొదట చర్మం రంగు మార్చి, పుళ్లు పెట్టారు. ఆ తర్వాత ముఖానికి ముక్కలు ముక్కలుగా అతికింపులు, జుట్టు ఊడిన విగ్గులు, వంకర పళ్లు. ఆపైన ఒంటినిండా ఫోమ్ లాటెక్స్ (నురగ రబ్బరు) సూట్, ఒక కన్ను పెద్దగా కనిపించే లెన్సులు. ఆఖర్న నటుడే ఉండడు, అంతా తోలుబొమ్మే. బరువైన దశల్లో గోల్డ్‌బ్లమ్ గంటల తరబడి మేకప్ కుర్చీలో కూర్చోవలసి వచ్చేది.

బాత్రూమ్ అద్దం సీను ఆపి ఆపి చూడు. గోరు కొరుక్కుంటాడు, అది ఊడి చేతిలోకొచ్చేస్తుంది. వేలు నొక్కితే ద్రవం చివ్వున వెళ్లి అద్దం మీద పడుతుంది. అంతే. రక్తపు మడుగు లేదు, రాక్షసుడు లేడు. గోరు ఊడితే ఎలా ఉంటుందో మనలో ప్రతివాడి వేలికీ తెలుసు, అందుకే అది నేరుగా ఒంట్లోకి దిగుతుంది. ఊడిన భాగాలన్నీ తర్వాత మందుల అలమరాలో దాచుకుంటాడు. నాకు ఈ సినిమాలో అన్నిటికంటే బాధ కలిగించేది ఆ అలమరా.

ఈగ గట్టి ఆహారం నమల్లేదు, జీర్ణరసం కక్కి, కరిగాక పీల్చుకుంటుంది. బ్రండల్ చేత అదే చేయించారు. ఆ కక్కుకి తేనె, గుడ్లు, పాలు కలిపారు. నువ్వూ కలుపు, కానీ ఏ పూటకా పూట. లైట్ల వేడికి గంటల్లో కంపు కొడుతుంది, నటుడు మళ్లీ నోట పెట్టుకోడు.

గోడలెక్కే షాటుకి గదినే తిప్పారు. కెమెరా గదికి బిగించి ఉంటుంది, నటుడు ఎప్పుడూ అడుగునే నడుస్తాడు, తెర మీద మాత్రం గోడ ఎక్కినట్టుంటుంది. నీకు తిరిగే గది కట్టే స్తోమత లేదు, కాబట్టి ఆ షాటు తీసెయ్.

ఫోమ్ లాటెక్స్ జోలికి కూడా పోకు. నురగ కొట్టాలి, అచ్చులో పోసి ఓవెన్‌లో కాల్చాలి. అచ్చులో తేమ మిగిలినా పాడే, వేడి ఎక్కువైనా పాడే. జెలటిన్ చాలు: జెలటిన్, గ్లిసరిన్, నీళ్లు చెంచాకి చెంచా సమానంగా కలిపి పది నిమిషాలు నానబెట్టు. వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించు, మరగనివ్వకు. మరిగితే బుడగలు వచ్చి ముక్క చిట్లుతుంది. గ్లిసరిన్ తగ్గిస్తే ఎండి ముడుచుకుపోతుంది. పూసే ముందు మణికట్టు మీద చుక్క వేసి వేడి చూసుకో. అంచు కాగితం కంటే పల్చగా రావాలి, లేకపోతే క్లోజప్‌లో గీత పడుతుంది. విజయవాడ ఎండలో జెలటిన్ చెమటకి జారి కరుగుతుంది కాబట్టి ఆ సీన్లు తెల్లవారుజామున పెట్టుకో. ప్రతి దశకీ రెండు సెట్లు ఉంచు, ఒకసారి పీకిన ముక్క మళ్లీ అతకదు. ఎదురుగా, రెండు పక్కల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకో. దశలు వరసలో షూట్ చెయ్యవు కదా, ఏ పుండు ఎక్కడుందో మర్చిపోతావు.

ఈ ఆదివారం చివరి రూపం మట్టిలో చేసి ఫొటో పంపు. అచ్చు పోసే ముందే పంపాలి సుమా, తర్వాత దిద్దడానికి ఉండదు.

నీ
శ్రీను