పెద్ద క్యాలిబర్ ఒక్కటే సరిపోదు

సంపాదకులకు,

అలాస్కా వేట గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం, ట్రిగ్గర్ దగ్గరి లివర్‌ను తోసి లాగి తూటా ఎక్కించే లివర్ యాక్షన్ రైఫిల్ ఎంత పెద్ద క్యాలిబర్‌ది (బారెల్ లోపలి వెడల్పు) అయితే అంత మంచిదని తేల్చేసింది. గోధుమరంగు ఎలుగులు, మూస్‌లు (భారీ దుప్పులు) తిరిగే చోటికి వెళ్లేవారు ముందు చూసుకోవాల్సింది బుల్లెట్. రైఫిల్ సంగతి ఆ తర్వాత.

ఈ రకం రైఫిళ్లలో చాలావాటికి మ్యాగజైన్ బారెల్ కింద గొట్టంలా ఉంటుంది. తూటాలు అందులో ఒకదాని వెనక ఒకటి కూర్చుంటాయి కాబట్టి వెనక తూటా మొన ముందుదాని ప్రైమర్‌కు (దెబ్బ తగిలితే మందును అంటించే అడుగు బిళ్లకు) ఆనుతుంది. గట్టి సూదిమొన బుల్లెట్ వేస్తే, రైఫిల్ తన్నినప్పుడు ఆ మొన ప్రైమర్‌ను పొడిచి తూటా గొట్టంలోనే పేలే ప్రమాదం ఉంది. అందుకే వీటికి చదును మొన బుల్లెట్లు వాడతారు. మెత్తటి సాగే మొనతో వచ్చే హోర్నడీ లివరెవల్యూషన్ తూటాలు దీనికి మినహాయింపు. బ్రౌనింగ్ బీఎల్ఆర్, పాత శావేజ్ 99, వించెస్టర్ 1895లకు గొట్టం మ్యాగజైన్ లేదు, వాటిలో సూదిమొనలకు అభ్యంతరం లేదు. మార్లిన్ 1895 మాత్రం గొట్టం రకమే. వించెస్టర్‌కూ దీనికీ అంకె ఒకటేనని పొరబడకండి.

1895లో వచ్చిన .30-30 వించెస్టర్ తూటా, 150 నుంచి 170 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్‌తో జింకకు, నల్ల ఎలుగుకు సరిపోతుంది. గోధుమరంగు ఎలుగు కోసం కొనేవారు చాలావరకు .45-70 వైపే చూస్తారు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఇది 1873లో అమెరికా సైన్యానికి పాతకాలపు నల్ల తుపాకీమందుతో తయారైన తూటా. ఆనాటి ట్రాప్‌డోర్ (వెనక పైమూత తెరిచి ఒక్కో తూటా పెట్టే) రైఫిళ్లు ఇంకా వాడుకలో ఉన్నాయి గనుక మామూలు ఫ్యాక్టరీ తూటాలను తక్కువ పీడనానికే నింపుతారు. 405 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 1,330 అడుగుల వేగంతో వెళ్తుంది. 100 గజాలకు గురి సరిచేస్తే 200 గజాల దగ్గర రెండడుగుల దాకా కిందికి దిగుతుంది. కొత్త మార్లిన్, హెన్రీ రైఫిళ్ల కోసం ఎక్కువ పీడనంతో నింపిన తూటాలు వేరే దొరుకుతాయి. వాటిని ట్రాప్‌డోర్‌లో పేలిస్తే రైఫిలే పగలవచ్చు. పెట్టె మీద ఏ రైఫిల్‌కో రాసి ఉంటుంది, చదవకుండా కొనకండి.

జింకల కోసం చేసిన 300 గ్రెయిన్ల హాలో పాయింట్ (మొనలో గుంట ఉన్న) బుల్లెట్, ఎలుగు భుజం ఎముకకు తగిలి త్వరగా విచ్చుకుని లోతుకు పోకుండా ఆగిపోవచ్చు. అక్కడ కావలసింది 400 నుంచి 430 గ్రెయిన్ల హార్డ్‌కాస్ట్ (గట్టి సీసంతో పోతపోసిన) బుల్లెట్, వెడల్పాటి చదును మొనది. అది విచ్చుకోదు, ఎముకను విరిచి తిన్నగా లోపలికి దిగుతుంది. సీసం మరీ గట్టిగా పోతపోస్తే ఎముక మీద చిట్లుతుంది, మరీ మెత్తనైతే బారెల్ లోపల సీసం పేరుకుని గురి చెడుతుంది.

తూటాలు సొంతంగా నింపుకునేవారు బుల్లెట్ గాడి దగ్గర క్రింప్ (తూటా గొట్టం అంచును లోపలికి నొక్కడం) బిగించాలి. లేకపోతే గొట్టంలోని స్ప్రింగు ఒత్తిడికి, రైఫిల్ తన్నుకు బుల్లెట్ లోపలికి కుంగుతుంది. తూటా మొత్తం పొడవు 2.55 అంగుళాలు దాటితే మార్లిన్‌లో ఎక్కకుండా ఇరుక్కుంటుంది.

రైఫిల్ విషయానికొస్తే 18, 19 అంగుళాల బారెల్, వానను తట్టుకునే స్టెయిన్‌లెస్ స్టీలు, పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి గురి చూసేది) ఉంటే చాలు. ఏడు పౌన్ల రైఫిల్‌లో బలమైన .45-70 తూటా తన్ను మామూలు వేట తూటా .30-06 తన్నుకు రెట్టింపు పైనే. దానికి జంకి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకునేవారు ఎక్కువ. సాధన తేలిక తూటాలతో మొదలుపెట్టి, గురి సరిచేయడం మాత్రం అడవికి తీసుకెళ్లే తూటాలతోనే చేయాలి.

మన పాఠకులకు పనికొచ్చే మాట ఒకటి ఆ వ్యాసంలో లేదు. అమెరికాలో హెచ్1బీ, ఎఫ్1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉంటే సాధారణంగా మినహాయింపు వర్తిస్తుంది.

లివర్‌ను సగమే లాగి వదిలేయడం కంగారులో అందరూ చేసే తప్పు. ఖాళీ తూటా బయటపడదు, కొత్తది ఎక్కదు. చివరిదాకా తోసి అంతే జోరుగా వెనక్కి లాగడం డమ్మీ తూటాలతో, రైఫిల్‌ను భుజం మీంచి దించకుండా, అలవాటు చేసుకోవాలి. లివర్ స్క్రూ వదులైనా తూటాలు ఇరుక్కుంటాయి. బయలుదేరే ముందు బిగించి చూసుకోండి.

– ఒక పాఠకుడు